గురి మేస్త్రీ మెడ

గురి మేస్త్రీ అంటే ఆ టైర్ల దుకాణంలో ఎవరికీ పడదు. కాని అతను స్టీరింగు పట్టుకుని "కుదిరింది" అన్నాక, కుదరలేదన్న మనిషి ఇంతవరకు లేడు. అందుకే పడకపోయినా పడి ఉన్నారు.

దుకాణం మరీ పెద్దదేమీ కాదు. పెద్ద రోడ్డు పక్కన, బ్యాటరీల కొట్టుకీ కార్లు కడిగే షెడ్డుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. ముందు గాలి పైపు. లోపలికి వెళితే ఎడమ పక్కన టైర్లు విప్పే మెషీను, గోడ పొడుగునా నిలువెత్తు టైర్లు, కుడి పక్కన కారు ఎక్కించే ఇనుప ర్యాంపు. వెనక అద్దాల గది. ఆ గదిలో కూర్చునే ఓనరు ఎవరో కాదు, మేస్త్రీకి సొంత అక్క మొగుడు.

బావా బావమరుదుల మధ్య ఎగతాళికి హద్దు లేదంటారు. వాళ్ళిద్దరూ ఆ మాటని బాగా వాడుకున్నారు. "మీ అక్కని కట్టుకున్న పాపానికి నిన్ను కూడా మోస్తున్నానురా" అనేవాడు బావ, నలుగురూ వినేలా. "మోస్తున్నావా, నా చేతిమీద బతుకుతున్నావా బావా?" అని ఇతను ఆ నలుగురిలోనే తిప్పికొట్టేవాడు. పైకి అందరూ నవ్వేవాళ్ళు. లోపల ఎవరి పుండు వాళ్ళకుండేది.

కొత్త టైర్లు వేశాక కారుని ర్యాంపు ఎక్కించి చక్రాలు తిన్నగా సర్దాలి. అది మేస్త్రీ పని. ముందు డ్రైవరు సీట్లో కూర్చుని స్టీరింగుని సరిగ్గా నిటారుగా పెట్టాలి. అది కదలకుండా సీటుకీ స్టీరింగుకీ మధ్య ఒక ఇనుప కడ్డీ బిగించాలి. తర్వాత కిందికి దిగి చక్రాల రాడ్లు తిప్పుకోవాలి. స్టీరింగు ఎక్కడ బిగిస్తే చక్రాలు దానికి సర్దుకుంటాయి. వంకరగా బిగించారా, కారు తిన్నగానే పోతుంది, స్టీరింగు మాత్రం పక్కచూపులు చూస్తూనే ఉంటుంది.

ఆ నిటారు తెలియడానికి స్టీరింగు మీద తగిలించే చిన్న రసమట్టం ఒకటుంది. గాజుగొట్టంలో బుడగ నడిమికి వస్తే సరి. అందరూ దాన్నే వాడతారు. మేస్త్రీ ముట్టుకోడు. ఒక కన్ను మూసి, స్టీరింగు పైఅంచు నడిమి చోటుని దాని వెనకున్న మీటర్ల గూడు నడిమి చోటుతో కలుపుతాడు. రెండూ ఒక గీతలోకి రాగానే "కుదిరింది" అంటాడు. అంతే. అందుకే గురి మేస్త్రీ.

మీసం రాకముందే బడి మానేసి ఒక ముసలి ఫిట్టరు దగ్గర చేరినప్పుడు నేర్చుకున్న విద్య అది. ఆ ఫిట్టరు నోటితో కాక స్పానరుతో పాఠం చెప్పేవాడు. తప్పు చేస్తే మోచిప్ప మీద ఒక్కటి. ఒకనాడు మాత్రం కొట్టకుండా, "వీడి కన్ను దొంగకన్నురా, వెంట్రుక తేడా కూడా దొరకబుచ్చుకుంటుంది" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక అతను విన్న మొదటి మెప్పు అదే. ఇంట్లో ఎవరూ అంత మాట అనలేదు. ఆకలిగొన్నవాడు అన్నం ముద్ద పట్టుకున్నట్టు దాన్ని పట్టుకున్నాడు, మళ్ళీ వదల్లేదు.

రసమట్టాన్ని "గుడ్డివాడి కర్ర" అనేవాడు. ఆ కర్ర పట్టుకున్నవాళ్ళందరూ అతని లెక్కలో గుడ్డివాళ్ళే. అందరికంటే పెద్ద గుడ్డివాడు మొద్దు.

మొద్దు అని పేరు పెట్టింది కూడా మేస్త్రీయే. టైర్లు విప్పి బిగించే మనిషి. ఇంచుమించు ఒకే వయసు. పని నెమ్మది, మాట ఇంకా నెమ్మది. మాట మొదట్లో ఒక అక్షరం గొంతులో అడ్డం పడేది, దాన్ని దాటించడానికి కళ్ళు మూసుకునేవాడు. మేస్త్రీ కూడా కళ్ళు మూసుకుని, అదే అక్షరాన్ని అదే గొంతుతో, కారు దిగిన ప్రతివాడి ముందూ వినిపించేవాడు. "టై... టై... టైరు మార్చాలా సార్? కూర్చోండి, మావాడు మాట పూర్తిచేసేలోపు టైరు అరిగిపోతుంది." వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. మొద్దు కూడా నవ్వేవాడు. ఏం చేస్తాడు మరి.

ఒకసారి మేస్త్రీ సెలవు పెడితే మొద్దు రసమట్టం పెట్టి ఒక కారు చేశాడు. చక్కగానే చేశాడు. మర్నాడు మేస్త్రీ వచ్చి, కారు తీసుకెళ్ళడానికి వచ్చిన ఆయన ముందే, "ఇది ఎక్కితే మీరు ఇంటికి పోరు సార్, ఎవరి ఇంట్లోకో దూరతారు" అని మొత్తం విప్పేసి, కన్నుతో చూసి మళ్ళీ బిగించాడు. స్టీరింగు అంతకుముందు ఎక్కడుందో మళ్ళీ అక్కడికే వచ్చింది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఒకడు చెప్పుకోలేదు, ఇంకొకడు ఒప్పుకోలేదు.

మెడకి దెబ్బ తగిలింది కూడా ఆ నోటిదురుసు వల్లే. మొండి టైరు ఒకటి రిమ్ముకి ఎక్కనంటోంది. మొద్దు ఇనుప కడ్డీతో నెమ్మదిగా ఎత్తుతున్నాడు. "తప్పుకో, నీతో తెల్లారదు" అని మేస్త్రీ అతన్ని భుజంతో నెట్టేసి, కడ్డీ అందుకుని బలంగా తొక్కాడు. కడ్డీ జారి ఎగిరింది. మెడకీ భుజానికీ మధ్య తగిలింది. నేలమీద పడ్డప్పుడు కూడా "చూశావా, నువ్వు సరిగా పెట్టలేదు" అనే అన్నాడు.

చాన్నాళ్ళు మెడకి పట్టీ వేసుకుని ఇంట్లో పడి ఉన్నాడు. పట్టీ తీసే రోజున డాక్టరు అతని భార్యని పక్కకి పిలిచి, "తల ఎడమకి కొంచెం వాలు మిగిలిపోతుందమ్మా, ఇక తగ్గదు. మనిషికి అలవాటైపోతుంది" అన్నాడు. ఆమె భర్త దగ్గరికి వచ్చి, "అలవాటైపోతుందన్నారండీ" అని సగమే చెప్పింది. మొదటి సగం ఆమె నోట రాలేదు.

ఆమె ఇంట్లో కుట్టుమిషను మీద బట్టలు కుట్టేది. మాట తక్కువ, చూపు ఎక్కువ. మర్నాడు అతను లేచేసరికి గడ్డం గీసుకునే అద్దం కొత్త మేకుకి ఉంది, ఒక పక్కకి వాలి. అందులో చూసుకుంటే మొహం అద్దం అంచులకి సమంగానే కనిపించింది. అతనితో మాట్లాడేటప్పుడు ఆమె కూడా తల కొంచెం ఎడమకి వాల్చడం మొదలుపెట్టింది. తన తలకి సమంగా ఉన్న తల కాబట్టి అతనికి తేడా తెలియలేదు. మెడ కాస్త బిగుసుకుందనీ అదీ సర్దుకుందనీ అనుకున్నాడు.

పనిలోకి వచ్చిన రోజున బావ అద్దాల గది దాటి బయటికి వచ్చాడు. బావమరిదిని ఒకసారి ఎగాదిగా చూశాడు. పెదవి కొరుక్కున్నాడు.

"రారా, నువ్వు లేక ర్యాంపు విధవరాలైపోయింది."

"నాకు తెలుసు బావా. ఈ గుడ్డివాళ్ళు ఎన్ని బళ్ళు పాడుచేశారో ఏమో."

"చాలానే చేశారు. ఇక నువ్వొచ్చావుగా. అన్నీ సరిచేద్దువుగాని."

మధ్యాహ్నం మొద్దు టీ గ్లాసు తెచ్చాడు. మేస్త్రీ ముందు నిలబడి, తల ఎడమ భుజం వైపు వాల్చి, ఎంతో వినయంగా, "టీ... టీ తాగండి మేస్త్రీ" అన్నాడు. గాలి పైపు దగ్గరున్నవాడు నవ్వు ఆగక రోడ్డు మీదికి పరిగెత్తాడు. మేస్త్రీ టీ తీసుకుని తాగాడు. అతనికేమీ కనబడలేదు.

అంతే, ఆట మొదలైంది. సాయంత్రానికి దుకాణమంతా పాకింది. ఎవరు మేస్త్రీతో మాట్లాడినా తల వాల్చే మాట్లాడతారు. గదిలోకి పిలిచి బావ కూడా అలాగే మాట్లాడతాడు. పక్క బ్యాటరీల కొట్టాయన అదేపనిగా వచ్చి, తల వాల్చి, "మేస్త్రీగారూ, ఆరోగ్యం ఎలా ఉంది?" అని అడిగి వెళతాడు. చాటున పేరు కూడా మారింది. గురి పోయి కొంగ వచ్చింది. చెరువు గట్టున మెడ వంచి చేపకోసం చూసే కొంగ.

ఇంటికి వచ్చి మేస్త్రీ భార్యతో గొప్పగా చెప్పుకున్నాడు. "దెబ్బ తగిలాక గాని నా విలువ తెలియలేదు వీళ్ళకి. మొద్దుగాడు కూడా ఎంత మర్యాదగా మాట్లాడుతున్నాడో తెలుసా? ఇదివరకు మొహం చూసేవాడు కాదు. ఇప్పుడు కళ్ళలోకి చూసి మాట్లాడుతున్నాడు."

ఆమె సూదిలోకి దారం ఎక్కిస్తోంది. ఎక్కిన దారాన్ని బయటికి లాగి, మళ్ళీ ఎక్కించసాగింది.

ఇక కార్ల సంగతి. తల ఎడమకి వాలితే కన్ను కూడా ఎడమకి జరుగుతుంది. జరిగిన కంటితో స్టీరింగునీ దాని వెనకున్న గూడునీ ఒక గీతలోకి తేవాలంటే, స్టీరింగుని రవ్వంత ఎడమకి తిప్పక తప్పదు. మేస్త్రీ తిప్పాడు. "కుదిరింది" అన్నాడు. అతని చేతిమీదుగా పోయిన కారల్లా ఎడమచూపుతో పోయింది. కొందరు గమనించలేదు. కొందరు తిరిగి వచ్చారు. మేస్త్రీ ఇంటికి వెళ్ళాక రమ్మని బావ వాళ్ళకి చెప్పి, మొద్దు చేత రసమట్టం పెట్టించి సరిచేయించి పంపాడు. బావమరిదికి చెప్పలేదు. చెబితే ఆట అయిపోతుంది.

అయినా అనుమానం రాకపోలేదు మేస్త్రీకి. ఒకరోజు ఎవరూ చూడకుండా గుడ్డివాడి కర్రని తీసి స్టీరింగు మీద పెట్టాడు. బుడగ కుడి అంచుకి పోయి కూర్చుంది. దాన్ని నడిమికి తెస్తే స్టీరింగు వంకరగా కనిపించింది. రసమట్టం చెడిపోయిందనుకున్నాడు. తర్వాత నేల ఒక పక్కకి కుంగిందనుకున్నాడు. నేల మీద నీళ్ళు పోసి చూశాడు కూడా. నీళ్ళు ఎటూ పోలేదు, ఉన్నచోటే నిలిచాయి. "నీళ్ళకి జిడ్డు పట్టింది" అని తుడిచేశాడు. ఆడలేనమ్మకి మద్దెల ఓడు, మద్దెల బాగుంటే నేల ఓడు.

అప్పుడొచ్చింది టీచరమ్మ.

చిన్న తెల్లకారు ఆమెది. నాలుగు టైర్లూ కొత్తవి వేయించుకుని వెళ్ళింది. మర్నాడే తిరిగి వచ్చింది. పొద్దున్నే వచ్చింది కాబట్టి మేస్త్రీ చేతికే చిక్కింది.

"టైర్లు మార్చకముందు బాగానే ఉండేదండీ. ఇప్పుడు తిన్నగా పోవాలంటే స్టీరింగు పక్కకి తిప్పి పట్టుకోవాల్సొస్తోంది."

మేస్త్రీ సీట్లో కూర్చుని ఒక కన్ను మూశాడు. "తిన్నగానే ఉంది కదా మేడమ్."

"లేదండీ, ఎడమకుంది."

"సరే, మీ తృప్తి కోసం మళ్ళీ చేస్తా."

చేశాడు. ఆ సాయంత్రమే ఆమె మళ్ళీ వచ్చింది. బడి నుంచి నేరుగా వచ్చినట్టుంది, చేతికి సుద్ద అంటుకుని ఉంది. ఈసారి గొంతు పెరిగింది.

"రెండుసార్లు చేశారు. చూడండి, మళ్ళీ అంతే. అసలు చూసే చేస్తున్నారా?"

మేస్త్రీకి ఆ మాట నెత్తికెక్కింది. తన కన్నుని, తన ముందే, అద్దాల గది దాకా వినిపించేలా!

"మేడమ్, కారు బాగానే ఉంది. మీరు కూర్చునే తీరే వంకర. అది మా దగ్గర రిపేరు చేయం."

"నేను వంకరగా కూర్చుంటున్నానా?"

"అందరికీ తిన్నగా ఉన్నది మీ ఒక్కరికే వంకరగా ఉంటే ఏమనుకోవాలి? ఏరా, మీరు చెప్పండి. తిన్నగా లేదూ?"

మొద్దూ, గాలి పైపువాడూ, బ్యాటరీల కొట్టాయనా తలలు వాల్చి, "తిన్నగానే ఉంది మేస్త్రీ" అన్నారు.

టీచరమ్మ ఒక్కొక్కరినీ చూసింది. తరగతిలో వెనకబెంచీలని చూసే చూపు అది. తర్వాత మేస్త్రీని చూసింది. ఆమె మొహంలో కోపం పోయి, అర్థం కాని అసహ్యం లాంటిది వచ్చింది.

"ఈయనకి మెడ బాలేదు. మీ ముగ్గురికీ ఏమొచ్చింది? ఎందుకలా తలలు వాల్చి నిలబడ్డారు? ఏంటిది, ఆటా?"

మొద్దు తల నెమ్మదిగా నిటారైంది. మిగతా ఇద్దరివీ అయ్యాయి. మేస్త్రీ కళ్ళముందు మూడు తలలు కదిలి, వేరే చోట ఆగాయి.

"నా మెడకేం?" అన్నాడు.

అద్దాల గదిలోంచి బావ నవ్వుతూ బయటికి వచ్చాడు. చేతిలో ఫోను. "ఇక దాచడమెందుకులేరా, చూసుకో" అని ముందు పెట్టాడు. అందులో దుకాణం ఉంది, ర్యాంపు ఉంది. దాని ముందు తల ఒక పక్కకి వేలాడేసుకుని ఒక మనిషి చేతులు తిప్పుతూ ఏదో గొప్పగా చెబుతున్నాడు. చుట్టూ నలుగురు అచ్చం అలాగే తలలు వేలాడేసుకుని వింటున్నారు. అతను ఎటు తిరిగితే అటు తిరుగుతున్నారు. నిమిషం తర్వాత గాని ఆ నడిమి మనిషి తనేనని మేస్త్రీకి తెలియలేదు.

"మీ అక్క చూసి పొట్ట పట్టుకుని నవ్విందిరా. పది మందికి పంపింది కూడా."

"అక్కా?"

"మరేంటి, అక్క కాదా? అక్కకి నవ్వు రాదా?"

టీచరమ్మ తాళంచెవి ర్యాంపు మీద పెట్టింది. "కారు ఇక్కడే వదిలి వెళుతున్నా. రేపు పొద్దున్న వస్తా. ఎవరు చేస్తారో మీరే తేల్చుకోండి" అని, ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయింది.

బావ నవ్వు ఆపి ఓనరైపోయాడు. "విను. ఇప్పటికి బాగా నవ్వుకున్నాం, ఇక గిరాకీ పోతోంది. రేపు ఆ కారు నువ్వే చేయి. అందరి ముందూ. కర్ర పెట్టి చేయి. బుడగ నడిమిన ఉండగా బిగించావా, ర్యాంపు నీది, నీ నోటికి నేనే సలాం కొడతా. లేదా, రేపటినుంచి రోడ్డు మీద గాలి పట్టుకో. ర్యాంపు మొద్దు చూసుకుంటాడు."

"మొద్దుగాడా? నా ర్యాంపా?"

"నీ ర్యాంపేంట్రా? ఇనుము నాది."

ఆ సాయంత్రం ఇంటి గుమ్మంలో భార్య ఎదురొచ్చింది. ఎప్పటిలాగే తల వాల్చి, "వచ్చారా" అంది. అతను చెప్పులు కూడా విప్పలేదు.

"నిలబడు. తల నిటారుగా పెట్టు."

ఆమె మొహం పాలిపోయింది. తల ఎత్తింది.

"ఆహా. నీకూ వచ్చన్నమాట నిలబడటం. ఎన్నాళ్ళనుంచి ఆడుతున్నావే ఈ ఆట? మా అక్క నేర్పిందా, నువ్వే ఆవిడకి నేర్పావా?"

"ఆట కాదండీ."

"ఫోనులో వచ్చింది చూశావా?"

"చూశాను. వదినగారు పంపారు."

"నవ్వావా?"

"నేను నవ్వుతానా?"

"ఎవరికి తెలుసు? నా ముందు తల వాలుస్తావు, వెనక ఏం చేస్తావో!"

ఆమె ఏడవలేదు. కుట్టుమిషను బల్లకి ఆనుకుని మెల్లగా అంది. "నాకేసి చూడాలంటే మీకు మెడ లాగేది. పళ్ళు బిగబట్టేవారు. నేనే మీ వైపుకి వంగితే నొప్పి ఉండదు కదా అని అలా చేశాను. అద్దం కూడా అందుకే. డాక్టరు ఇక తగ్గదన్నారు. ఎలా చెప్పను మీకు?"

"వాళ్ళు నవ్వడానికి చేశారు. నువ్వు జాలికి చేశావు. వాళ్ళే నయం. వాళ్ళకి నేను తమాషాగానైనా పనికొచ్చాను. నీకు కుంటికుక్కనయ్యాను." అతను ఆగలేదు. "అన్ని బళ్ళు చెడగొట్టానే నేను! మొదటిరోజే ఒక్క మాట చెప్పి ఉంటే మొద్దుగాడి చేత మొహాన కొట్టించుకునేవాణ్ణా? నోరులేని దానివని జాలిపడి చేసుకున్నా నిన్ను. నోరు లేకపోవడం కాదు, నీకు గుండె లేదు."

ఆ మాట ఆమెకి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. కాసేపు కత్తెరని చేతిలో తిప్పుతూ కూర్చుంది. తర్వాత లేచి, ఒక దారానికి ఆ కత్తెర కట్టి, అద్దం పైనున్న మేకుకి వేలాడదీసింది. వాలి ఉన్న అద్దాన్ని సరిచేసింది. దారం అద్దం నడిమినుంచి కిందికి నిలువుగా నిలిచింది.

"వచ్చి చూసుకోండి" అంది. అంతవరకు ఆమె అతనితో అలా మాట్లాడింది లేదు.

అతను చూసుకున్నాడు. దారం ముక్కుని ఏటవాలుగా కోసినట్టు పోతోంది. దారానికి ఒక పక్కనున్న కన్ను పైన ఉంది, రెండో పక్కది కింద. తలని తిన్నగా చేయబోతే మెడలో నరం కొరడాలా కొట్టింది. చేతులతో గడ్డం పట్టి నెట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తల మాత్రం రాలేదు.

"రేపు మీ కన్ను చెప్పింది వినకండి. బుడగ చెప్పింది వినండి. మీకు వంకరగా కనబడినా సరే, బిగించేయండి. ఒక్క బండి. ఆ తర్వాత అదే అలవాటవుతుంది."

అతను అన్నం తినకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పొద్దున్న దుకాణం తిరునాళ్ళలా ఉంది. బ్యాటరీల కొట్టాయన కుర్చీ తెచ్చుకున్నాడు. అద్దాల గదిలో అక్క కూర్చుని ఉంది. తమ్ముణ్ణి చూసి చేతిసంచీ సర్దుకుంది. "నేనేం నవ్వడానికి రాలేదురా. ఎలాగైనా పాసవుతావని వచ్చా" అంది. పెదవుల చివర నవ్వు ఇంకా ఆరలేదు. టీచరమ్మ రోడ్డువైపు నిలబడి గడియారం చూసుకుంటోంది.

మొద్దు కారుని ర్యాంపు ఎక్కించాడు. మేస్త్రీ సీట్లో కూర్చున్నాడు. రసమట్టం స్టీరింగుకి తగిలించాడు. బుడగ కుడికి పోయింది. స్టీరింగుని రవ్వంత కుడికి తిప్పాడు. బుడగ జారి జారి నడిమికి వచ్చి ఆగింది. కడ్డీ ఒక కొస సీటుకి ఆనించి, రెండో కొస స్టీరింగుకి తగిలించాడు. ఇక మర తిప్పి బిగించడమే.

అప్పుడు, అలవాటుకొద్దీ, ఒక కన్ను మూశాడు.

స్టీరింగు పైఅంచు గూడుకి కుడిపక్కన ఉంది. వెంట్రుక తేడా కాదు, వేలెడు. ఇంత వంకర పనిని ఏనాడూ తన చేతులమీదుగా పోనివ్వలేదు. ఈ వంకర మీద మర బిగించడమంటే ఆ ముసలి ఫిట్టరు నోట విన్న ఒకేఒక్క మాటని తన చేత్తో తుడిచేయడమే. బుడగ, బుడగ అనుకున్నాడు మనసులో. కుడిచేయి మర తిప్పుతోంది. ఎడమచేయి, అతనేమీ చెప్పకుండానే, స్టీరింగుని తన వైపు లాక్కుంది.

బుడగ కుడికి పరిగెత్తింది. మర బిగిసింది.

అతనికి స్టీరింగు ఇప్పుడు ఎంతో అందంగా, తిన్నగా కనిపించింది. బుడగ పోయిందని కూడా చూశాడు. మర వదులు చేయడానికి ఎంతోసేపు పట్టదు. ఎవరూ ఇంకా చూడలేదు, కిటికీ పక్కనున్న మొద్దు తప్ప.

మొద్దు చూశాడు. చుట్టూ ఒకసారి చూశాడు. వంగి, పక్కవాడికి కూడా వినబడనంత మెల్లగా, "బు... బుడగ పోయింది మేస్త్రీ. వదులు చేసి... మళ్ళీ పెట్టు" అన్నాడు. అతని తల నిటారుగానే ఉంది. గొంతులో వెటకారం లేదు.

ఆ సమయాన ఆ నోట ఆ మెత్తని మాట రావడం మేస్త్రీ భరించలేకపోయాడు. మొద్దు తనకి సాయం చేయడమా! నోరు తనంతట తనే తెరుచుకుంది. కళ్ళు మూసుకుని, గొంతు బిగించి, దుకాణమంతా వినిపించేలా, "బు... బు... బుడగా? ముందు మాట బయటికి రానీరా, తర్వాత బుడగ సంగతి చూద్దాం" అన్నాడు.

పాతరోజుల్లోలాగే బ్యాటరీల కొట్టాయన పెద్దగా నవ్వాడు. నవ్వి, ఎవరూ కలవకపోవడంతో ఆపేశాడు.

మొద్దు నడుం ఎత్తాడు. ఈసారి అక్షరం ఎక్కడా అడ్డం పడలేదు. "ఓనరుగారూ, వచ్చి చూడండి."

బావ వచ్చి చూశాడు. అక్క వచ్చి చూసింది. టీచరమ్మ కూడా వచ్చి, గాజుగొట్టం కుడి కొసన నక్కి ఉన్న బుడగని చూసి, కళ్ళు తిప్పుకుంది. బావ తలుపు తీసి పట్టుకున్నాడు, పెళ్ళికొడుకుని దింపుతున్నట్టు.

"దిగు బావమరిదీ."

"బావా, ఇంకొక్కసారి..."

"దిగరా."

"తమ్ముడూ, దిగు. ఇంకా ఎందుకు నవ్వులపాలవడం" అంది అక్క.

మేస్త్రీ దిగాడు. మొద్దు ఎక్కాడు. మర వదులు చేశాడు, బుడగని నడిమికి తెచ్చాడు, బిగించాడు. నెమ్మదిగా, ఎప్పటిలాగే. దిగి కారు కిందికి దూరాడు. పైన నిలబడ్డ మనిషి మొహం వైపు ఒక్కసారి కూడా చూడలేదు. గెలిచినవాడు ఎగతాళి చేసి ఉంటే మేస్త్రీకి కాస్త హాయిగా ఉండేదేమో. అది కూడా దక్కలేదు.

టీచరమ్మ కారు రోడ్డెక్కి, మలుపు తిరిగి, మళ్ళీ రాలేదు.

అంతవరకు గాలి పైపు దగ్గరుండేవాడు లోపలికి, టైర్ల మెషీను దగ్గరికి మారాడు. పైపు మేస్త్రీ చేతికొచ్చింది. అక్కడ నీడ లేదు. పొద్దెక్కాక ఒక పాతకారు వచ్చి ఆగింది. నడిపేవాడు ఈ దుకాణానికి కొత్త. అద్దం దించి, పైపు పట్టుకున్న మనిషిని చూసి, నిజంగానే జాలిపడ్డాడు.

"ఏంటన్నా, మెడ పట్టేసిందా? రాత్రి దిండు సరిగ్గా పెట్టుకోలేదా?"

లోపల మెషీను దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు.

"పట్టేయలేదు. అది అంతే" అన్నాడు మేస్త్రీ. ముందు చక్రం దగ్గర గొంతుకూర్చున్నాడు. "ఎంత పెట్టమంటావు?"